ఎడమ చేతి దెబ్బ

అందరూ కత్తెర అని పిలిచే అమ్మాయి చేతిలో మౌస్ ఆగిపోయింది.

తెర మీద నిలువు గీతలు వరసగా ఉన్నాయి. పాట ఏ క్షణంలో ఎక్కడ పడాలో చెప్పే గీతలవి. డ్రమ్స్ మీద కర్ర పడిన ప్రతిచోటా ముల్లులాంటి చిన్న బొమ్మ లేస్తుంది. కుడిచేతి ముళ్లు గీతల మీద నిటారుగా నిలబడ్డాయి. కాలితో తొక్కే పెద్ద డ్రమ్మువీ అంతే. ఎడమచేతి ముళ్లు మాత్రం గీత దాటి అవతల పడ్డాయి. ఒకటీ అరా కాదు, పాట పొడుగునా.

అందులో కొత్తేమీ లేదు. నెలల తరబడి ఆమె ఆ ఎడమచేతి దెబ్బల్ని ఒక్కొక్కటే పట్టుకుని వెనక్కి లాగి గీత మీద పెడుతోంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పాల్సినంత పెద్ద పని అనుకోలేదు. ఇవాళ ఆమెను ఆపింది వేరే సంగతి. మౌస్‌ని మామూలు కంటే ఎక్కువ దూరం లాగాల్సి వస్తోంది.

చేస్తున్న పని పక్కన పెట్టి పాత ఫైళ్లు తెరిచింది. సరిచేయనివి, డ్రమ్స్ వాయించినప్పుడు మైకు ఎలా పట్టిందో అలాగే ఉన్నవి. రికార్డు చేసిన వరసలో ఒకదాని కింద ఒకటి పేర్చింది. మొదటి పాటలో ఎడమచెయ్యి గీత మీదే ఉంది. రెండో పాటలో వెంట్రుకవాసి పక్కకి. ఆ తర్వాతి దానిలో ఇంకాస్త. కిందికి వచ్చేకొద్దీ ఆ ముళ్లన్నీ మెట్లు దిగుతున్నట్టు పక్కకి జరుగుతూ పోయాయి.

వాయించే మనిషి ఒకరోజు బద్ధకిస్తాడు, ఒకరోజు హుషారుగా ఉంటాడు. అలా అయితే ఆ ముళ్లు ఇటూ అటూ ఊగాలి. ఇవి ఒకే వైపు పోతున్నాయి.

ఇది హుషారు సంగతి కాదు, ఆ చేతికే ఏదో అయింది.

ఆమెకు ఆ పేరు పెట్టింది బావే, అక్క భర్త. ఆమె ఉద్యోగం ప్రకటనల స్టూడియోలో. లిఫ్టులో తలుపులు మూసుకుంటున్నాయని చెప్పే గొంతు, ఫోనులో దయచేసి వేచి ఉండండి అనే గొంతు ఆమె చేతి మీదుగా వెళ్లినవే. ఊపిరి వినిపిస్తే కోసెయ్యాలి. తడబాటు వినిపిస్తే అతికెయ్యాలి. రోజంతా అదే పని. తప్పు కనబడితే ఆమె వేలు ఊరుకోదు. అందుకే బావ ఆమెను కత్తెర అన్నాడు, ఇంటిల్లిపాదికీ అదే అలవాటైంది.

బావ డ్రమ్స్ వాయిస్తాడు. అక్క గిటార్ వాయిస్తూ పాడుతుంది. పెళ్లికి ముందు నుంచీ వాళ్లిద్దరిదీ రాక్. పెద్ద కంపెనీల గొడవ లేకుండా కాఫీ హోటళ్లలో నలభై మంది ముందు వాయించుకునే తరహా. కత్తెరది హిప్ హాప్. ఆమె కంప్యూటర్‌లో బీట్లు కడుతుంది. ఇంట్లో ఏళ్ల తరబడి ఈ రెండు పార్టీలకీ పడేది కాదు. "డ్రమ్స్ వాయించడం చేతకానివాళ్లు కంప్యూటర్ కొనుక్కుంటారు" అని బావ, "మూడు తీగలు మీటి మూలిగేవాళ్లు మాట్లాడుతున్నారు" అని మరదలు. వాళ్లని కలిపింది వాకీ, ఇప్పుడు ఆమె బీట్ల మీద ర్యాప్ చెప్పే కుర్రాడు.

వాకీ అసలు పేరు ఎవరూ వాడరు. పెద్ద భవనాలు కట్టేచోట అతను సిగ్నల్‌మ్యాన్. బావ అక్కడే టవర్ క్రేన్ ఆపరేటర్. ఆకాశంలో ఉన్న ఆ చిన్న గాజు గదిలో కూర్చున్నవాడికి కింద ఏముందో సగం కనబడదు. నేల మీద నిలబడి వాకీటాకీలో చెప్పే మనిషే అతనికి కళ్లు. ఎడమచేతి లివర్‌తో క్రేన్ చెయ్యి పక్కకి తిరుగుతుంది, కుడిచేతి లివర్‌తో బరువు పైకీ కిందికీ కదులుతుంది. "తిప్పు, తిప్పు, తిప్పు, మెల్లగా, మెల్లగా, చాలు!" అని వాకీ చెప్పే తీరులో ఒక తాళం ఉందని బావ పైనుంచే పట్టేశాడు. ఆ సాయంత్రం దిగి వచ్చి అడిగాడు.

"నువ్వు పాడతావా?"

"పాడను అన్నా. వాగుతాను."

"ఆదివారం వచ్చి వాగు."

అలా మొదలైంది. పైన ఉన్నవాడూ కింద ఉన్నవాడూ చేస్తున్న ఆల్బమ్ కాబట్టి దానికి 'పైనా కిందా' అని పేరు పెట్టారు. నలుగురికీ అదే మొదటిది. పాటలన్నీ వారాంతానికి విడుదలకి పంపించెయ్యాలి. ఒక్క పాట మాత్రం ఇంకా రికార్డు చెయ్యలేదు.

బావ చెయ్యి ఆలస్యంగా పడటం మొదలైనప్పుడు కత్తెర సంతోషించింది కూడా. హిప్ హాప్‌లో ఆ దెబ్బ కాస్త ఆలస్యంగా వాలి పడితేనే అందం. "అన్న చెయ్యి మనలో కలిసిపోతోంది చూడు" అని వాకీ మురిసిపోయాడు. రాక్ వాయించే బావ తమ దారికి వస్తున్నాడనుకున్నారు. కాకపోతే అక్క గిటార్‌తో ఆ దెబ్బ గుద్దుకునేది. అందుకని కత్తెర దాన్ని కాస్త గీత వైపు జరిపేది. తర్వాత ఇంకాస్త. అంతే, అదొక అలవాటైపోయింది.

తలుపు చప్పుడైంది. కత్తెర గబగబా పాత ఫైళ్లు మూసేసింది.

వాళ్లు రికార్డు చేసుకునేది కార్పెట్ల గోడౌన్ వెనక గదిలో. చుట్టూ నిలబెట్టిన కార్పెట్ చుట్టలు చప్పుడునంతా మింగేస్తాయి. జిగురు వాసన, ఉన్ని వాసన. సెలవు రోజు ఉదయం కాబట్టి ముందు గదిలో ఎవరూ లేరు. బావ ఎప్పటిలాగే భుజంతో తలుపు నెట్టి వచ్చాడు.

"ఏమే కత్తెరా, పోయిన వారం పాట అయిందా? వినిపించు."

"టీ అయినా తాగవా?"

"ముందు పాట. నీ టీ తాగడానికి ధైర్యం కూడగట్టుకోవాలి."

ఆమె సరిచేసిన పాటే పెట్టింది. బావ కళ్లు మూసుకున్నాడు. అక్క గొంతు వచ్చింది, వాకీ మాటలు వచ్చాయి.

*పైన నువ్వు, కింద నేను, నడుమ ఊగే బరువు,*
*నీ చేతికి నా నోరే కన్ను, నా తలకు నీ చెయ్యే గొడుగు.*

బావ ఆ మాటలేవీ వినడం లేదు. కత్తెర ఇవాళే గమనించింది. అతని గడ్డం ఎడమచేతి దెబ్బ పడినప్పుడు మాత్రమే కదులుతోంది. పాట అయిపోయింది. అతను పెద్దగా ఊపిరి వదిలాడు.

"బాగానే ఉంది. చూశావా, నా చెయ్యి బాగానే ఉంది."

"చెయ్యికేమైంది?"

"ఏమీ కాలేదు. మీ అక్కే గోల. పొద్దున్నే చొక్కా బొత్తాలు పెట్టుకోవడం ఆలస్యమవుతోందట. నడిచేటప్పుడు ఎడమచెయ్యి ఊగడం లేదట. కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తుంది కదా, అందరివీ గుచ్చి గుచ్చి చూడటం అలవాటు." నవ్వాడు. "నరాల డాక్టరు దగ్గర టైమ్ కూడా తీసుకుంది."

"వెళ్లావా?"

"ఎందుకు వెళ్లడం? వారం వారం ఇక్కడికొచ్చి వింటున్నానుగా. వాయించేటప్పుడు నాకూ అనుమానమొస్తుంది, చెయ్యి బరువుగా ఉందేమో అని. ఇక్కడ వింటే అంతా సరిగ్గా ఉంటుంది. నా చెయ్యి సంగతి డ్రమ్స్ కంటే బాగా ఏ డాక్టరు చెబుతాడు? రెండుసార్లు టైమిచ్చారు, రెండుసార్లూ మానేశాను. మీ అక్కకి మొన్న పాట వినిపించి నోరు మూయించాను."

కత్తెర కుర్చీ అతని వైపు తిప్పింది.

"బావా..."

"అన్నట్టు ఇంకో మాట. రేపట్నుంచి నన్ను పెద్ద క్రేన్ ఎక్కమన్నారు. రోడ్డు వైపుది. మీ అక్కకి నేనే చెబుతాలే, నువ్వు ముందే ఊదకు."

అతని ముఖం వెలిగిపోతోంది. ఆ ముఖం చూసి ఆమె టీ పెట్టడానికి లేచింది. వాకీతో చెప్పి, ఇద్దరూ కలిసి చెప్పొచ్చులే అనుకుంది. ఆ ఆలోచన రాగానే కాస్త తేలికైంది. అలా తేలికపడటమే ఆమె ఆ రోజు చేసిన తప్పు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాల వేళకి స్టూడియోలో సెలవు చెప్పి భవనం కడుతున్న చోటుకి వెళ్లింది. రేకుల కంచె సందులోంచి చూసింది. పెద్ద క్రేన్ చెయ్యి రోడ్డు మీదుగా తిరుగుతోంది. కొక్కేనికి ఇనుప కడ్డీల కట్ట వేలాడుతోంది. కింద పసుపు టోపీ పెట్టుకుని వాకీ నిలబడ్డాడు. వాకీటాకీ నోటికి ఆనించి తల ఎత్తి చెబుతున్నాడు.

"తిప్పు అన్నా, తిప్పు, తిప్పు, మెల్లగా... చాలు!"

కట్ట సరిగ్గా దిగాల్సినచోట ఆగింది. ఎవరు చూసినా చక్కగా ఉంది అంటారు. కత్తెర చెవి మాత్రం అక్కడే ఉండిపోయింది. 'చాలు' అన్న మాట ముందే వచ్చింది. కట్ట ఇంకా రాకముందే వాకీ చాలు అనేశాడు.

ఇంకోసారి విన్నది. మళ్లీ అంతే. మూడోసారీ అంతే.

ఆమె కంచె తలుపు దగ్గరికి నడిచి అతన్ని చేత్తో పిలిచింది. వాకీ పక్కనున్న, కొత్తగా చేరిన సిగ్నల్‌మ్యాన్‌కి వాకీటాకీ ఇచ్చి, టోపీ వెనక్కి నెట్టుకుంటూ వచ్చాడు.

"ఏంటి, పాట అయిపోయిందా? మొహమేంటి అలా ఉంది?"

"నువ్వు ముందే చెబుతున్నావు."

"ఏం చెబుతున్నాను?"

"చాలు అని. బరువు రాకముందే అంటున్నావు."

వాకీ నవ్వబోయి ఆగాడు. "అది నా స్టైల్."

"ఒరేయ్. నీ స్టైల్ నాకు తెలీదా? నీ ర్యాప్ ప్రతి అక్షరం నేను కోసి అతికినదే. నువ్వు ఎప్పుడూ మాట వెనక్కి వాల్చి చెబుతావు. ముందుకి చెప్పవు."

అతను కంచె వైపు చూశాడు. బూటు కొనతో మట్టి గీకాడు.

"చలికాలం ముందు నుంచి" అన్నాడు చివరికి. "పక్కకి తిప్పేటప్పుడు మాత్రమే. చాలు అన్నాక కూడా కాస్త జరిగేది. అలసిపోయాడేమో అనుకున్నా. మొదట్లో కొంచెం ముందుగా అనేవాణ్ణి. తర్వాత ఇంకొంచెం ముందుగా. సరిపోయేది."

"అంటే నీకు తెలుసు."

"నీకు తెలీదా? అన్న వాయించిందీ విన్నా, తర్వాత నువ్వు వినిపించిందీ విన్నా. కంప్యూటర్‌లో నువ్వు చేసేది నేను నోటితో చేస్తున్నా. అంతే తేడా."

"నేను జరిపేది చప్పుడుని. నువ్వు నెత్తిమీద ఇనుము జరిపిస్తున్నావు!"

"అరవకు. వింటారు." అతను గొంతు తగ్గించాడు. "చెబితే ఏమవుతుంది? క్రేన్ దింపేస్తారు. అన్న బతికేది ఆ గాజు గదిలోనూ డ్రమ్స్ ముందూనే. రెండూ ఒక్కరోజులో పోతాయి. ఈ పని నాకు ఇప్పించింది ఆయన. నా వాగుడికి మైకు పెట్టింది ఆయన. ఆల్బమ్ బయటికి రానీ. ఒక్కసారి దాన్ని చేత్తో పట్టుకోనీ. అప్పుడు నేనే చెబుతా."

"అప్పటిదాకా కింద నిలబడేది ఎవరు?"

"నేనే. అందుకేగా నిలబడుతున్నా."

వాకీ మాట పూర్తవుతూ ఉండగానే వెనక నుంచి కొత్త గొంతు వినిపించింది. వాకీటాకీ తీసుకున్న మనిషి చెబుతున్నాడు. జాగ్రత్తగా, ఎలా చెప్పాలో సరిగ్గా అలాగే.

"తిప్పు... తిప్పు... చాలు."

వాకీ టోపీ పడిపోయినా చూసుకోకుండా వెనక్కి తిరిగి పరుగెత్తాడు. "అన్నా, ఆపు!" అని అరిచాడు. చేతిలో వాకీటాకీ లేదు. ఆ అరుపు పైకి చేరదు.

క్రేన్ చెయ్యి ఆగలేదు. కట్ట దిగాల్సినచోటు దాటింది. తర్వాతే ఆగింది. కానీ కట్ట ఊగుతూ వెళ్లి భవనానికి కట్టిన ఇనుప పరంజా మూలని గుద్దింది. పెద్ద గంట మోగినట్టు చప్పుడు. ఒక చెక్క ఊడి గిరగిరా తిరుగుతూ వచ్చి నేలని తాకింది. కింద సిమెంటు కలుపుతున్న మనిషి పక్కకి దూకాడు. చెక్క పడినచోట, ఐదు నిమిషాల ముందు వాకీ నిలబడి ఉన్నాడు.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. ఒక్కసారిగా అందరూ కేకలేశారు. వాకీటాకీలోంచి బావ గొంతు గరగరమంది.

"ఎవడ్రా అక్కడ? ఎప్పుడు చెప్పాలో తెలీదా?"

"నేను టైముకే చెప్పానన్నా" అంటున్నాడు ఆ మనిషి. "ఒట్టు. టైముకే చెప్పాను."

సూపర్‌వైజర్ వచ్చాడు. పైనుంచి ఆపరేటర్ మాట, కింద కొత్తవాడి మాట. పాత ఆపరేటర్ మాటే నెగ్గింది. సూపర్‌వైజర్ కొత్తవాడి టోపీ తీయించాడు. "రేపు ఆఫీసులో కనబడు. అప్పుడు చూద్దాం" అన్నాడు. అతను తన అన్నం డబ్బా తీసుకుని కంచె తలుపులోంచి కత్తెర పక్కగా బయటికి నడిచాడు. ఆమెవైపు చూడలేదు. ఎందుకు చూస్తాడు, ఆమె ఎవరో అతనికి తెలియదు.

వాకీ తిరిగి వచ్చాడు.

"నేను పిలవకపోతే ఇది జరిగేది కాదు" అంది కత్తెర.

"ఇవాళ జరిగేది కాదు" అన్నాడు వాకీ. కంచె పట్టుకుని నిలబడ్డాడు. "సాయంత్రం నువ్వే చెప్పు. నీ దగ్గర రికార్డింగ్ ఉంది, వినిపిస్తే వింటాడు. నా దగ్గర నోరు తప్ప ఏముంది?"

ఆ సాయంత్రం నలుగురూ గోడౌన్ వెనక గదిలో ఉన్నారు. చివరి పాట ప్రాక్టీసు అని పిలిచింది కత్తెర. కిటికీలోంచి వాలిన ఎండ కార్పెట్ చుట్టల మీద పడుతోంది. అక్క గిటార్ సంచి తియ్యలేదు, చెల్లెలి ముఖం చూసి అలాగే ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బావ ఇంకా మధ్యాహ్నం కోపంలోనే ఉన్నాడు.

"ఎక్కణ్నుంచి తెస్తారో ఇలాంటి వాళ్లని. చాలు అనడానికి కూడా ట్రైనింగ్ ఇవ్వాలా? వాకీగాడు లేకపోతే నేను లేను."

వాకీ నేల చూస్తున్నాడు.

"బావా, ఒకటి విను" అంది కత్తెర. డ్రమ్స్ ఒక్కటే ఉన్న ఫైలు పెట్టింది. పోయిన వారం పాట, ఆమె చెయ్యి పడకముందుది.

కాసేపు విని బావ మొహం చిట్లించాడు.

"ఎవరిది ఇది? తాగి వాయించినట్టున్నాడు. ఎడమచెయ్యి ఈడుస్తున్నాడు చూడు. ఇలాంటివాణ్ణి డ్రమ్స్ దగ్గరికి రానివ్వకూడదు."

అతను ఒకరి తర్వాత ఒకరి ముఖాలు చూశాడు. చివరికి కత్తెర ముఖం దగ్గర ఆగాడు.

"నువ్వే బావా" అంది ఆమె.

డ్రమ్స్ మోగుతూనే ఉన్నాయి. ఆపుదామని ఆమె చెయ్యి కదిలింది. "ఉండనీ" అన్నాడు. పాట చివరిదాకా విన్నాడు. తర్వాత, "మొదటి పాట పెట్టు. నువ్వు ముట్టుకోనిది" అన్నాడు. పెట్టింది. "తర్వాతది." పెట్టింది. అలా రికార్డు చేసిన వరసలో అన్నీ విన్నాడు. ఎడమచెయ్యి మోకాలి మీద ఉంది, దాన్ని కుడిచెయ్యి కప్పి ఉంది. చివరి పాట అయ్యేసరికి ఎండ గోడ మీదికి పాకింది.

"ఎప్పట్నుంచి సరిచేస్తున్నావు?"

"రెండో పాట నుంచీ. నాకు తెలీలేదు బావా. మా తాళంలోకి వస్తున్నావనుకున్నా. నిన్ననే తెలిసింది."

"నిన్న పొద్దున్న నీ ఎదురుగానే కూర్చున్నా. నిన్నే చెప్పొచ్చుగా?"

కత్తెర తెర మీది ఫైలు మూసేసింది.

అక్క లేచింది. ఆమె మాట్లాడింది భర్తతో కాదు.

"నేను గొడవ పెట్టుకున్నప్పుడల్లా ఈయన నీ పాట పెట్టి వినిపించేవారు. ఇదిగో విను, ఇందులో ఏముంది తప్పు అని. ఏడ్చి ఊరుకునేదాన్ని. నా కళ్లదే తప్పనుకున్నా. నా మొగుడి చెయ్యి ఊగడం లేదని నా కళ్లతో నేను చూస్తున్నా, నా చెల్లెలు కంప్యూటర్‌లో దాన్ని ఊపుతోంది!"

"అక్కా, నేను..."

"మాట్లాడకు. ఇప్పుడేం మాట్లాడకు."

వాకీ ముందుకి వచ్చాడు. "వదినా, తనొక్కదాని మీద పడకండి. అన్నా, నేనూ..." ఆగి, ఒక్క గుక్కలో చెప్పేశాడు. ముందుగా చాలు అనడం, ఎంత ముందుగా అన్నది, కొత్తవాడు ఇవాళ తప్పేమీ చేయలేదన్నది.

కత్తెర మీద అరవని బావ వాకీ మీద లేచాడు.

"ఒరేయ్. నీ నెత్తిమీద నేను ఇనుము తిప్పుతుంటే, నా చెయ్యి పనికిరాదని తెలిసి, కింద నిలబడ్డావా?"

"నేను చూసుకుంటున్నా కదన్నా."

"ఏం చూసుకున్నావురా? ఒక్కరోజు నీ లెక్క తప్పితే? నువ్వు నిలబడే చోటే కదరా ఆ చెక్క పడింది. నువ్వు చచ్చిపోయి ఉంటే మీ అమ్మకి నేనేం చెప్పాలి? మీవాడు నా మీద ప్రేమ కొద్దీ పోయాడమ్మా అని చెప్పాలా?" కత్తెర వైపు కూడా తిరిగాడు. "జాలి చూపించారా ఇద్దరూ? పిల్లలు మీరు. నాకు జాలి చూపించారా?"

బావ ఫోను తీశాడు. కుడిచేత్తోనే నొక్కాడు.

"సార్, నేను. మధ్యాహ్నం సంగతి. ఆ కుర్రాడు టైముకే చెప్పాడు... లేదు సార్, నాకు ఖాయంగా తెలుసు. తప్పు నా చేతిది. ఎడమచెయ్యి ఆలస్యమవుతోంది... ఇవాళ కొత్త కాదు. వాణ్ణి రేపు పనిలోకి రానివ్వండి. నేను ఇక పైకి ఎక్కను."

ఫోను పెట్టేసి అక్కతో అన్నాడు. "డాక్టరు దగ్గర మళ్లీ టైమ్ తీసుకో. ఈసారి మానను."

అక్క అతని భుజం పట్టుకుని బయటికి తీసుకెళ్లింది. చెల్లెలివైపు తిరిగి చూడలేదు.

ఆల్బమ్ ఆ వారాంతానికి వెళ్లలేదు.

డాక్టరు అతన్ని నడిపించి చూశాడు, వేళ్లు తట్టించి చూశాడు. పార్కిన్సన్స్ అన్నాడు. మెదడు నుంచి చేతికి కబురు నెమ్మదిగా చేరుతోందని, నయం చేసే మందు లేదని, తేలిక చేసే మందులు ఉన్నాయని చెప్పాడు. ముందే వచ్చి ఉంటే అని అక్క అడిగింది. జబ్బు రాకుండా ఆగేది కాదు, మందు ముందే మొదలయ్యేది, ఈ నెలలన్నీ క్రేన్ మీద ఉండేవారు కాదు అన్నాడు. ఇవన్నీ కత్తెరకు అక్క చెప్పలేదు. వాకీ చెప్పాడు. అక్క ఫోను ఎత్తడం లేదు.

కంపెనీ బావను సామాన్ల గిడ్డంగిలో కూర్చోబెట్టింది. నేల మీద, కిటికీ లేని గదిలో. వాకీని కూడా సిగ్నల్ పనిలోంచి తీసేసి మోతపనికి వేశారు. ముందుగా చాలు అనేవాణ్ణని అతనే సూపర్‌వైజర్ దగ్గర ఒప్పుకున్నాడు.

కొన్ని వారాల తర్వాత ఒక ఆదివారం ఉదయం కత్తెర గోడౌన్‌కి వెళ్లింది. సామాను సర్దేద్దామని. మైకుల తీగలు చుడుతుంటే తలుపు తెరుచుకుంది. ముందు బావ, వెనక గిటార్‌తో అక్క, ఆ వెనక వాకీ.

"ఏం సర్దుతున్నావు?" అన్నాడు బావ. "పాట ఇంకొకటి మిగిలిందిగా."

అక్క తన చోట కూర్చుని తీగలు సరిచేసుకోవడం మొదలుపెట్టింది. కోపం పోలేదు. కానీ వచ్చింది.

వాకీ దారిలో ఆలోచించి వచ్చినట్టున్నాడు. "అన్నా, నాదొక మాట. పాటలన్నీ ఎలా వాయించావో అలాగే వదిలేద్దాం. సరిచేయకుండా. నిజం నిజంలా ఉంటుంది. వినేవాళ్లకి గుండె..."

"నోరుముయ్" అన్నాడు బావ. "నా జబ్బుని నాలుగు పాటల్లో పెట్టి ఊరికి వినిపిస్తావా? జనం కళ్లు తుడుచుకుంటే చూసి మురిసిపోతావా? నేను డ్రమ్స్ వాయించేవాణ్ణి. ఈడ్చిన దెబ్బ నా పేరు మీద పోవడం నాకిష్టం లేదు."

"మరి ఎలా?"

బావ కత్తెరవైపు తిరిగాడు. "బీట్లు కొట్టే ఆ బొత్తాల పలక తీసుకుని ఇలా రా. నా ఎడమ పక్కన కూర్చో."

ఆమె వేళ్లతో కొట్టే రబ్బరు బొత్తాల పలకను స్టూలు మీద పెట్టుకుని అతని పక్కన కూర్చుంది. ఇన్నాళ్లూ ఒంటరిగా, తెర చూస్తూ కొట్టడమే ఆమెకు తెలుసు. పక్కన మనిషి ఊపిరి తీస్తుండగా ఎప్పుడూ కొట్టలేదు.

"కుడిచెయ్యీ కాలూ నావి. ఎడమచెయ్యి నువ్వు. ఆ గీతలు ఆపెయ్."

"గీతలు లేకుండా నాకు రాదు బావా."

"నా భుజం చూడు. కుడి భుజం కిందికి దిగాక నీ వంతు. ముప్పై ఏళ్లు నా ఎడమచెయ్యి చేసింది అదే. నేర్చుకో."

వాయించారు. మొదటిసారి చెడింది. రెండోసారి ఇంకా చెడింది. "మా మరదలికి కర్ర లేకపోయినా కర్రలా బిగుసుకుపోవడం వచ్చు" అన్నాడు బావ. అక్క పెదవి కొన కొంచెం కదిలింది. మూడోసారి ఆమె తల ఎత్తి నిజంగానే భుజం చూసింది. చొక్కా కింద ఎముక లేవడం, దిగడం. దిగినప్పుడు కొట్టింది. అక్క గొంతు ఆ సందులోంచి పైకి లేచింది. వాకీ మైకు దగ్గరికి జరిగాడు.

పాట అయ్యాక బావ చెమట తుడుచుకుని కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"వినిపించు. ఏదీ ముట్టుకోకుండా."

విన్నారు. పాట మధ్యలో బావ వేలెత్తాడు.

"ఇక్కడ. ఇక్కడ నువ్వు ఆలస్యం."

"అవును" అంది కత్తెర. ఆమె చెయ్యి మౌస్ మీదికి వెళ్లి ఆగింది. "జరపనా?"

అతను తెర మీదికి వంగి ఆ ముల్లుని చాలాసేపు చూశాడు.

"జరుపు" అన్నాడు. "నేను చూస్తుండగా జరుపు. తర్వాత పాత పాటలు తెరువు, అన్నీ. నావి కూడా. ఒక్కొక్క దెబ్బా చూపించు. ఏది జరపాలో ఏది ఉంచాలో నేను చెబుతాను."

అక్క గిటార్ కింద పెట్టి వచ్చి అతని కుర్చీ వెనక నిలబడింది. కత్తెర మొదటి పాట తెరిచింది.